కంకర మిషన్ కాడి మెసేజ్

రఘునాథపల్లి దాటాక, వాగు పక్కన మూతపడ్డ కంకర మిషన్ ఒకటుంది. పొద్దుగూకితే ఆ దారిన ఎవరూ పోరు. అక్కడ సిగ్నల్ ఉండదు... అయినా ఫోన్లు మోగుతాయట. చచ్చిపోయిన ఫ్రాన్సిస్ పేరు మీద మెసేజ్ వస్తుందట — ‘నీళ్లు ఎక్కుతానయ్. ఎవరన్న ఉన్నరా?’

ఇది చంద్రమౌళి నాకు చెప్పిన సంగతి. చెప్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

ఫ్రాన్సిస్‌ది ఆ ఊరే. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఫోన్లు రిపేరు చేసేవాడు. గట్టి వానొస్తే ఊళ్లో టవర్ బంద్ అవుతుందని అందరి ఫోన్లలో ఒక యాప్ వేశాడు. దానికి నెట్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు. బ్లూటూత్ మీద మెసేజ్ ఒక ఫోన్‌లోంచి దగ్గరున్న ఫోన్‌లోకి, దాంట్లోంచి ఆ పక్కదాంట్లోకి... అట్లా ఊరంతా తిరుగుతుంది. మధ్యలో ఫోన్లు ఉండాలి, అంతే.

ఊరి చివరి ఇల్లు చంద్రమౌళిది. కంకర మిషన్‌కు రెండు కరెంటు స్తంభాల దూరం.

“అన్నా, వాగు దిక్కు నీ ఫోనే మొదలు. బ్లూటూత్ మాత్రం బంద్ పెట్టకు,” అన్నాడు ఫ్రాన్సిస్.

పోయిన వానాకాలం వాగు పొంగింది. టవర్ పోయింది. ఇంటికొస్తున్న ఫ్రాన్సిస్ నీళ్లలో చిక్కి ఆ మిషన్ మీదికి ఎక్కాడు. తెల్లారి శవం దొరికింది. కవర్లో చుట్టిన ఫోన్ మిషన్ పైన దొరికింది. అందులోంచి పంపింది ఒకే మెసేజ్... పదకొండుసార్లు. ఒక్కటీ ఎవరికీ చేరలేదు.

“నా ఫోన్ చాలూనే ఉండె, ఏదీ బంద్ పెట్టలే. ఏం రాలే,” అని చంద్రమౌళి అందరి ముందూ చెప్పాడు.

ఆ తర్వాతే ఆ చోటికి చెడ్డపేరు వచ్చింది.

మొన్న శ్రావణంలో ఒక సాయంత్రం మళ్లీ అట్లాంటి వానే. కరెంటు లేదు, టవర్ లేదు. అన్నం ముందు కూర్చున్న చంద్రమౌళి, ఏడాదిగా ముట్టని బ్లూటూత్‌ను ఎందుకో ఆన్ చేశాడు.

ఫోన్ మోగింది.

ఫ్రాన్సిస్... ‘నీళ్లు ఎక్కుతానయ్. ఎవరన్న ఉన్నరా?’

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంకోసారి మోగింది. మళ్లీ...

ఆ రోజు సాయానికి పోవలసింది తనే కదా. టార్చి పట్టుకుని వానలోకి దిగాడు.

మిషన్ మీద... చిన్న వెలుగు. దాని వెనక, తల మీద కొంగు కప్పుకున్న ఆకారం.

చంద్రమౌళి టార్చి అటు తిప్పాడు.

“నేనే, అన్నా,” అంది ఆకారం.

రెబెకా. ఫ్రాన్సిస్ భార్య. ఆమె చేతిలో ఆయన ఫోన్.

“ఏం జేస్తానవ్ చెల్లె, ఈ వానల?”

“మీ ఇంటిదాకా పోతదో లేదో చూద్దామని అప్పుడప్పుడు వచ్చి అదే మెసేజ్ పంపుతాన. దారిన పోయేటోళ్లకు పోతాంది. మీ ఇంటికి ఎన్నడూ పోలే... నీ ఫోన్ చాలూనే ఉండె అంటివి గదా, ఆయనే యాప్ సరిగ్గ వెయ్యలేదేమో, ఆయన తప్పేనేమో అనుకున్న.” ఆగింది. “ఇయ్యాల వచ్చింది గదా, అన్నా?”

వాన టార్చి మీద పడుతోంది.

“ఆయన తప్పు లేదు చెల్లె...” గుసగుసగా అన్నాడు. “నేనే బ్లూటూత్ బంద్ పెట్టిన. చార్జింగ్ అయిపోతదని.”

వాగు చప్పుడు.

“అప్పుడు చార్జింగ్ ఎంత ఉండె?” అంది రెబెకా.

ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది...

“డెబ్బై శాతం.”

ఆమె మిషన్ దిగింది. అతను దారికి టార్చి వేస్తే, ఆ వెలుగు తప్పించుకుని, పక్కన చీకట్లోనే ఊరి దిక్కు నడిచిపోయింది.