ఖాళీగా తిరిగొచ్చే సీట్లు

"ఈ కంబళి బరువెంత?" పేరైనా అడక్కుండా అడిగిందామె.

"నాలుగు వందల గ్రాములండీ."

"మూడు వందల సీట్లు. మొత్తం నూట ఇరవై కిలోలు. ఇద్దరు బక్కపలచటి మనుషుల్ని టికెట్ లేకుండా మోస్తున్నట్టే. తీసేయండి."

"పది గంటల ప్రయాణమండీ. పైన చలి."

"చలేస్తే కొనుక్కుంటారు."

"మీకెప్పుడూ చలెయ్యదా?"

"ఆఫీసు టైములో వెయ్యదు."

ప్రేమకథలు ఇంతకంటే మర్యాదగా మొదలవుతాయని విన్నాం. ఏం చేస్తాం, ఇది ఇలాగే మొదలైంది.

ఆమె ఒక చవక విమాన సంస్థలో కొత్త రూట్ల లెక్కలు చూస్తుంది. వెనకాల అందరూ 'కత్తెర' అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ పేరు వల్ల కంపెనీకి ఖర్చేమీ లేదు కనుక ఊరుకుంది. అతను ప్రయాణికుల సౌకర్యాలు చూసేవాడు. ఆ రోజు నుంచి అతను 'కంబళి' అయ్యాడు.

సముద్రం దాటే తొలి రూట్ అది. ఆరు నెలలు నడిపి చూస్తామన్నారు. నిలిస్తే అవతలి ఊళ్ళో ఆఫీసు బాధ్యత అతనిది. దానికోసం అతను రెండేళ్ళుగా అక్కడి భాష నేర్చుకుంటున్నాడు.

ఆమె పత్రికలు తీసేయించింది, నీళ్ళ ట్యాంకు సగమే నింపమంది. ప్రతిదానికీ అతను పోట్లాటకు వచ్చేవాడు. పోట్లాట లంచ్ టైము దాకా సాగేది కనుక లంచ్ కూడా కలిసే తినేవాళ్ళు. అతను పోట్లాటకు రాని రోజు ఆమెకు ఆకలయ్యేది కాదు. మొదటి నెలలో టికెట్ల కంటే కంబళ్ళే బాగా అమ్ముడుపోయాయి. పైన చలని చెప్పానా లేదా అని అతను వారం రోజులు వేధించాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఆఫీసు మీద ముసురు కదల్లేదు. చిన్న రూట్లో విమానం రోజుకు ఆరు ట్రిప్పులు తిరుగుతుంది. ఇక్కడ ఒక్క రాకపోకకే రోజంతా గడిచిపోతుంది, ఎగిరినా నిలబడినా విమానం అద్దె ఆగదు. పోయేటప్పుడు నిండుగా పోయేది. వచ్చేటప్పుడు సగం సీట్లు ఖాళీగా, బెల్టులు వేలాడేసుకుని వచ్చేవి.

ఆరు నెలలూ ఆగకుండానే, రూట్ ఉంచాలో ఆపాలో శుక్రవారానికల్లా రాసిమ్మని ఆమెకు చెప్పారు.

"ఆ కంబళి అబ్బాయి గురించి నాలుగు నెలలుగా వింటున్నా. ఇష్టమా, చిరాకా?" అడిగింది ఆమె తల్లి.

"రెండూనమ్మా."

"అయితే ఇష్టమే. మీ నాన్నతో నాకూ అంతేగా."

"రూట్ నిలిస్తే వెళ్ళిపోతాడమ్మా."

"నిలుస్తుందో లేదో చెప్పాల్సింది నువ్వే కదే!"

ఆమె ప్లేటు తీసుకుని లేచి వెళ్ళింది.

గురువారం మధ్యాహ్నం అతను తడిసిన గొడుగుతో ఆమె గదిలోకి దూసుకొచ్చాడు. "రూట్ కోసేస్తున్నారట కదా! ఒక్క మాటైనా చెప్పాలనిపించలేదా?"

ఆమె లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. 'కొనసాగించవచ్చు' అని ఉంది.

అతను కుర్చీలో కూలబడ్డాడు. "మరి... థాంక్సండీ."

"థాంక్స్ తర్వాత. ముందు సరిచూడండి."

"మీ లెక్కని నేనా?"

"ఈ రూట్ ఆగితే మీరిక్కడే ఉంటారు. నాకు అదే కావాలి. అందుకే నా చేతిమీద నాకే నమ్మకం లేదు."

బడ్జెట్ మీటింగులో చెప్పినంత పొడిగా చెప్పింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అతను లాప్‌టాప్ తన ముందుకు లాక్కున్నాడు. గంటసేపు చదివి, ఒక వరుస దగ్గర ఆగాడు.

"చలికాలంలో తిరుగు ప్రయాణానికి నూటికి ఎనభై సీట్లు నిండుతాయని వేశారు."

"వేశాను."

"బుకింగులు యాభై దాటలేదు."

ఆమె కిటికీ వైపు చూసింది. అక్కడ వాన తప్ప ఏమీ లేదు.

"మీకోసం నన్ను ఆపేస్తారేమోనని భయపడి, మెడపట్టి విమానం ఎక్కించేస్తున్నారండీ మీరు!"

"రెండేళ్ళు ఆ భాష నేర్చుకున్నారు..."

"చలికాలం కూడా నడిపితే ఇది చిన్న రూట్లని కూడా మింగేస్తుంది. అప్పుడు అందరి ఉద్యోగాలూ పోతాయి."

ఎనభై తీసేసి యాభై వేశాడు. కింది వరుసలన్నీ నష్టం చూపిస్తూ ఎర్రబడ్డాయి. 'ఆపేయాలి' అని తన చేత్తోనే టైపు చేసి, లాప్‌టాప్ ఆమె వైపు జరిపాడు.

నెలాఖరుకు ఆఖరి విమానం వచ్చి ఆగింది. చిన్న రూట్లకి సౌకర్యాలు చూసే మనిషి అక్కర్లేదన్నారు; రూట్‌తో పాటు అతని ఉద్యోగమూ పోయింది. ఆ సాయంత్రం అతను అట్టపెట్టె పట్టుకుని బస్టాపుకి వచ్చేసరికి ఆమె అక్కడే ఉంది. తన బస్సు వచ్చి వెళ్ళి పది నిమిషాలైందని, కావాలనే ఎక్కలేదని చెప్పలేదు.

అతను పెట్టెలోంచి అమ్ముడుపోని కంబళి తీశాడు.

"ఎంత?" అందామె.

"ఊరికేనండీ."

"అందుకే మునిగాం."

ఆ మాటకు ఇద్దరూ నవ్వలేకపోయారు. వాన జల్లు పక్కనుంచి కొడుతోంది. ఆమె కంబళి అందుకుని తన భుజాల మీద కప్పుకుని, మిగిలిన సగం అతని వైపు చాపింది.

"మీకు చలెయ్యదుగా?" అన్నాడు.

"ఆఫీసు టైము అయిపోయింది."