ఆ మాట ఆమె నోట రాకూడదు

“ఇవాళ నువ్వు మేకప్ మ్యాన్‌వి,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఉడుత తలూపాడు. బ్రీఫింగ్ రూములో ప్రశ్నలు వేసే అలవాటు అతనికి లేదు.

“పదకొండింటికి మూన్ రాకెట్ లాంచ్. అదే టైముకి టీవీలో స్పేస్ పాలసీ మీద లైవ్. మాట్లాడేది మీ అక్క. సెట్ మీదే ఆమెను లేపేస్తామని విదేశీ ముఠా బెదిరింపు ఉత్తరం పంపింది. మీ అక్క మూడేళ్లుగా ఆ ముఠాలో ఉంటూ మనకు కబుర్లు అందిస్తున్న మనిషి, పోగొట్టుకోలేం. లాంచ్ సెంటర్‌లోని మనవాళ్లని కూడా స్టూడియోకే రప్పిస్తున్నా. ఆమె ఇయర్‌పీస్‌కి ఈ బగ్ అంటించు, అందులోకి వచ్చే మాటలన్నీ నీకూ వినబడతాయి. కంగారు పడుతుంది, చెప్పకు.”

మేకప్ రూములో అక్క అద్దంలో అతన్ని చూసి నవ్వింది. నల్ల సిల్కు సూటు, ఎర్రని లిప్‌స్టిక్.

“మీసం వంకరగా అతికించావురా చిన్నోడా.”

అతను మీసం సరిచేసుకున్నాడు. ఆమె చెవికి ఇయర్‌పీస్ పెడుతూ నువ్వుగింజంత బగ్ అంటించాడు.

లైవ్ మొదలైంది. ఒక్క ఫైలు బయటపెట్టి పోయినేడు అంతరిక్ష మంత్రిని ఇంటికి పంపిన నోరు అది.

“చంద్రుడి మీద నీళ్లు వెతుకుతున్నారట!” అంది కెమెరాకేసి చూస్తూ. “మన కుళాయిల్లో ఎవరు వెతుకుతారు?”

సెట్ పక్కన నిలబడ్డ ఉడుత నవ్వుకున్నాడు. అంతలో అతని చెవిలో కొత్త గొంతు పలికింది. అది అక్క ఇయర్‌పీస్‌లోకి వస్తున్న గొంతు.

“ఉత్తరం పనిచేసింది. కాపలా అంతా నీ దగ్గరే ఉంది. కంట్రోల్ రూములో మనవాడు టీవీ చూస్తున్నాడు. రాకెట్ లేవగానే ‘తెగిన గాలిపటం’ అను. పేల్చే మీట నొక్కేస్తాడు.”

అక్క మొహంలో వెంట్రుకవాసి మార్పు లేదు. పెన్నుతో బల్ల మీద రెండుసార్లు తట్టింది. సరేనన్నట్టు.

యాడ్ బ్రేక్ పడింది. ఉడుత పౌడర్ డబ్బా పట్టుకుని వెళ్లాడు.

“అంతా విన్నానక్కా. ఎందుకిలా?”

ఆమె అద్దం తీసి లిప్‌స్టిక్ సరిచూసుకుంది. “మన రాకెట్ కూలితే ఉపగ్రహాలన్నీ ముఠా దేశపు రాకెట్లే ఎక్కాలి. అంతే.”

“మరి ఆ మంత్రి ఫైలు? అది నిజమైనదేనని డిపార్ట్‌మెంట్‌కి సంతకం పెట్టింది నేను!”

“దొంగది. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.”

ఆమె అతని చేయి పట్టుకుంది.

“నీ మీద ఒట్టురా. ఆ మాట అనను. ప్రోగ్రాం అయ్యాక నేనే మీ చీఫ్ దగ్గరికి వస్తా.”

చిన్నప్పుడు అతని తప్పులకు తాను దెబ్బలు తిన్న అక్క. అతను వెనక్కి వచ్చి కాలర్ మైకులో అంతా చెప్పాడు.

“దింపెయ్ ఆమెను!” అరిచాడు చీఫ్. “కంట్రోల్ రూములోకి ఫోన్లు రానివ్వరు. గేటు నుంచి కబురు వెళ్లేసరికి అయిదు నిమిషాలు!”

“ఒట్టేసింది సార్.”

వెనక తెర మీద నిప్పులు చిమ్ముతూ రాకెట్ లేచింది. అక్క కెమెరా వైపు తిరిగింది.

“లేచింది. కానీ నా కంటికి ఎలా ఉందో తెలుసా? తెగిన గాలి...”

ఉడుత ఒక్క గెంతులో బల్ల మీదున్నాడు. డబ్బాడు పౌడర్ ఆమె మొహాన పడింది. మైకు వైరు తెగింది. తర్వాత వినబడింది దగ్గు ఒక్కటే. తెర మీద రాకెట్ మబ్బులు దాటి చుక్కయింది.

లైవ్ ఆగిపోయాక ఆమె కళ్లు తుడుచుకుంది. “నా ఒట్టు నమ్మలేదన్నమాట.”

“నమ్మాను. అందుకే ఆలస్యమైంది,” అంటూ ఆమె చేతులకు బేడీలు వేశాడు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

“అక్క ఎంత బాగా మాట్లాడిందిరా! మధ్యలో ఎవడో మీసాల వెధవ వచ్చి పాడుచేశాడు. వాణ్ణి పన్లోంచి పీకేశారా లేదా?”

“లేదమ్మా,” అన్నాడు ఉడుత. “ప్రమోషన్ ఇస్తారట.”