కింది అరలోని ఖాళీ డిస్కు

సంచిలో సర్దిన చొక్కాలను దర్జీ అక్క మూడోసారి బయటికి తీసింది. మడతలు సరిచేసి మళ్ళీ లోపల పెట్టింది. గడ్డం గీసుకునే సామాను, రెండు జతల మేజోళ్ళు, కళ్ళజోడు పెట్టె, ఒక ఉన్ని కోటు. ఆమె తమ్ముడికి సముద్రం అడుగున కేబుళ్ళు వేసే ఓడలో ఏడాది ఉద్యోగం. ఓడ సాయంత్రం అయిదింటికి. ఇప్పుడు పదకొండయింది.

గుమ్మంలో నిలబడ్డ మాజీ పోస్టుమాన్‌కు ఆ చేతుల వంక చూస్తుంటే గుండె బరువెక్కింది. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు మోసినవాడు. ఎదురుచూసే చేతులు ఎలా ఉంటాయో అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. రిటైరయ్యాక ఒక ప్రైవేటు డిటెక్టివ్ దగ్గర సహాయకుడిగా కుదిరాడు. ఆవిడకు అరవై దాటాయి. నలుసు కూడా తప్పించుకోనివ్వదని అందరూ జల్లెడమ్మ అంటారు. ఆవిడ ఏం చెప్పినా అతనికి వేదమే.

"ఏడవకుండా చెప్పమ్మా," అంది జల్లెడమ్మ కుర్చీ లాక్కుని. "ఫోన్లో మీ తమ్ముడి ఆఫీసు మేనేజరు ఏమన్నాడు?"

"ఆఫీసు కంప్యూటరు మిషన్లో డిస్కొకటి పోయిందట. పొద్దున్నుంచి మిషను లేవట్లేదట. ఊరు విడిచిపోతూ మా వాడే కాజేశాడంటున్నాడు. పోలీసుల్ని పిలుస్తాడట. అమ్మపోయాక నా చేతుల్లో పెరిగినవాడండీ, పరాయి సూది కూడా ముట్టుకోడు. అయినా ఆ ఖాళీ డిస్కు పోతే ఏం కొంప మునిగింది? అందులో ఏం ఉందని!"

జల్లెడమ్మ ఆమె వేళ్ళ వైపు ఒక్కసారి చూసింది. గుడ్డల మీద గీతలు గీసే నీలం సుద్ద గోళ్ళ సందుల్లో ఇంకిపోయి ఉంది. "పద," అంది సహాయకుడితో.

తమ్ముడు నిన్నటి దాకా పనిచేసింది తప్పిపోయినవాళ్ళ ఆచూకీ కార్యాలయంలో. వరండా బెంచీల మీద పాతిక మంది దాకా కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఫోటోలు. పదకొండు వేల మంది వివరాలు ఆ ఒక్క మిషన్లోనే ఉన్నాయి. అది లేవకపోతే వీళ్ళ పని అంతే.

మిషను గది చల్లగా ఉంది. పొద్దున్నే మేనేజరు పిలిపించిన తమ్ముడు దాని ముందు నేల మీద కూలబడి ఉన్నాడు. మేనేజరు ద్వారానికి అడ్డంగా నిలబడ్డాడు. అందరూ పిన్నిగారనే గుమాస్తా గోడకు ఆనుకుని గొణుక్కుంటున్నారు.

"దొంగ ఇక్కడే ఉంటే డిటెక్టివెందుకు, దండగ!" అన్నాడు మేనేజరు.

"దండగో కాదో తరవాత చూద్దాం. ఏ డిస్కు పోయింది?"

"పది నిమిషాల కిందటి దాకా నాకూ తెలీదు. డిస్కులు మూడూ ఒకేలా ఉంటాయి, పేర్లా పాడా? ఇతనే చూసి చెప్పాడు, కింది అరలోదని, అది ఖాళీదని."

జల్లెడమ్మ వంగి కింది అర పిడి మీద వేలితో రాసి, ఆ వేలిని సహాయకుడికి చూపించింది. అతను తల ఊపాడు గానీ అతనికేమీ బోధపడలేదు.

"నాయనా, నాకు అర్థమయ్యేలా చెప్పు. ఇందులో ఏముంది?"

తమ్ముడు అరల వైపు చెయ్యి చూపించాడు. "కొత్త డిస్కును ఉన్నపళంగా వాడకూడదండీ. ముందు ముక్కలుగా విభజించుకోవాలి. పార్టిషన్లంటాం. పెద్ద ముక్కలో ఫైళ్ళు. చివర్న చిన్న ముక్క వదిలిపెడతాను. మా అక్క గుడ్డ కత్తిరిస్తూ కుట్టుకి అంచు వదుల్తుంది చూడండి, అలా. మూడు డిస్కుల్నీ కలిపి నడిపే ప్రోగ్రాం ఒకటుంది, వాల్యూమ్ మేనేజరని. ఏది ఎక్కడుందో అది పటం గీసుకుని ఆ చిన్న ముక్కలో దాచుకుంటుంది."

"మూడింట్లోనూ ఫైళ్ళున్నాయా?"

"రెండింట్లోనే. రెంటిలోనూ అవే ఫైళ్ళు, ఒకటి పోతే ఇంకొకటి. మూడోదాంట్లో పెద్ద ముక్క ఖాళీ. పటం మాత్రం ఉంటుంది."

"ఆ ఖాళీదెందుకని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నా," అన్నాడు మేనేజరు.

"ఎందుకో ఇవాళ తెలిసిందిగా సార్! మిషను లేచేటప్పుడు మూడు పటాల్లో రెండైనా కనబడాలి. మీరు మంగళవారం మంగళవారం దుమ్ము దులపమని ఆపిస్తారు కదా. ఇవాళ పొద్దున అలా ఆపి మళ్ళీ పెడితే ఫైళ్ళున్న రెంటిలో పాత డిస్కొకటి తిరగలేదు. కింది అరలోది ఉంటే రెండయ్యేవి, లేచేది. ఇప్పుడు మిగిలింది ఒక్కటే. బలవంతంగా లేపొచ్చు. ఆ పటంలో తప్పుంటే పదకొండు వేల మందీ చెరిగిపోతారు. నా వల్ల కాదు."

జల్లెడమ్మ పిన్నిగారి వైపు తిరిగింది. "నిన్న ఇక్కడికి ఎవరొచ్చారమ్మా?"

"ఎవరూ రాలేదండీ. నేను గుమ్మం దాటలేదు."

"భోజనానికి కూడానా?"

"ఇతనూ నేనూ వరండాలోనే తిన్నాం. వాళ్ళక్కగారు క్యారేజీ తెచ్చారు. లోపల కాసేపు చల్లగా కూర్చుని వెళ్ళారు. ఆవిడ రోజూ వచ్చేదే, ఆవిణ్ణి లెక్కేస్తామా?"

"మరి డిస్కు తీస్తే మిషను చెప్పదా?"

"ఎర్రలైటు వెలుగుతుందండీ," అన్నాడు తమ్ముడు.

అందరూ లైటు కోసం చూశారు. అది ఉండాల్సినచోట కాగితం ముక్క అంటించి ఉంది. పిన్నిగారి మొహం పాలిపోయింది. "నిన్న మధ్యాహ్నం నుంచీ టపటపా కొట్టుకుంటుంటే కళ్ళు నొప్పెట్టి నేనే అంటించాను. ఏదో పిచ్చిలైటనుకున్నా."

"నువ్వు చూళ్ళేదా?" అన్నాడు మేనేజరు తమ్ముడితో.

"నిన్న తిన్నవెంటనే ఓడ కాగితాల కోసం వెళ్ళిపోయాను కదా సార్."

జల్లెడమ్మ సహాయకుణ్ణి పిలిచింది. "వెళ్ళి దర్జీ అక్కను తీసుకురా. సంచీ తెమ్మను. కొట్లో పీలికల మూట ఉంటుంది, అదీ తెమ్మను."

పీలికలెందుకో పోస్టుమాన్‌కు అర్థం కాలేదు. ఆ మాట చెప్పగానే దర్జీ అక్క మంచం మీద కూలబడడం చూశాక అర్థమైంది.

మూడు కాకముందే ఆరుగురూ మిషను గదిలో చేరారు. మూట ఎవరూ విప్పలేదు. తలుపు మూసి జల్లెడమ్మ నెమ్మదిగా మొదలుపెట్టింది.

"చెడగొట్టాలనుకున్నవాడు ఫైళ్ళున్న డిస్కు తీస్తాడు. అమ్ముకోవాలనుకున్నవాడికి మూడూ ఒకటే, చేతికి అందేది పై అర. ఈ మనిషి మోకాళ్ళ మీద వంగి మరీ ఖాళీదాన్నే తీసింది. అంటే అది ఖాళీదని తెలుసు, తీస్తే ఎవరికీ నష్టం లేదనుకుంది. ఈ తమ్ముడికి దాని విలువ తెలుసు, కాబట్టి అతను కాదు. పిన్నిగారికీ మేనేజరుకీ ఏది ఖాళీదో తెలీదు. సగం తెలిసిన మనిషి ఒక్కరే. తమ్ముడి నోట కింది అరలోని ఖాళీ ముక్క సంగతి విని, చిన్న ముక్క సంగతి చెవిన పెట్టని మనిషి. పిడి మీద నీలం సుద్ద ఉంది. ఏ డిస్కు పోయిందో మేనేజరుకే తెలియని వేళ, ఆ ఖాళీ డిస్కు పోతే ఏమైందని నాతో అన్నది ఎవరు?"

దర్జీ అక్క మూట విప్పింది. రంగురంగుల పీలికల మధ్య, మెత్తటి గుడ్డలో పసిబిడ్డలా చుట్టిన డిస్కు.

"అక్కా!" అన్నాడు తమ్ముడు.

"లైటు వెలుగుతుంది, నిన్ను పిలుస్తారు, ఓడ దాటిపోతుందనుకున్నానురా. అంతే. ఇంత జరుగుతుందని, నీ మీదికొస్తుందని అనుకోలేదు. వీళ్ళు పోలీసులనేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నిజం చెబితే నువ్వు నా మొహం చూడవని ఈవిణ్ణి పిలిచాను."

"వద్దని నోటితో చెబితే పోయేదిగా?"

"చెబితే ఆగేవాడివేనా? నాన్న చెబితే ఆగాడా? ఆయనా ఏడాదనే వెళ్ళాడు, మళ్ళీ రాలేదు."

తమ్ముడు డిస్కు అందుకుని, కింది అరలోకి నెట్టి, మీట నొక్కాడు. మిషను మూలిగింది. పంకా తిరిగింది. తెర మీద పేర్లు ఒక్కొక్కటే దిగసాగాయి. వరండాలో ఎవరో "వచ్చింది, వచ్చింది" అని అరిచారు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "సరే, పోలీసులొద్దు. కానీ ఇతన్ని ఇవాళ వదలను. చచ్చిన డిస్కు మార్చాలి, ముక్కలు చెయ్యాలి, పటం రాయించాలి. ఓ వారం ఉండాల్సిందే."

దర్జీ అక్క తలెత్తింది. ఆ కళ్ళలో మెరిసిన ఆశను పోస్టుమాన్ స్పష్టంగా చూశాడు.

జల్లెడమ్మ చూడలేదు. చూసినా ఆగే మనిషి కాదు. "అతని ఉద్యోగం నిన్నటితో అయిపోయింది. అతను దొంగ కాదని తేలింది. ఏ హక్కుతో ఆపుతారు? చెయ్యాల్సింది కాగితం మీద రాసిపెడతాడు, ఇంకొకరు చేస్తారు. దారివ్వండి."

మేనేజరు తప్పుకున్నాడు. అంత నిక్కచ్చిగా మాట్లాడగలిగే మనిషి దగ్గర పనిచేస్తున్నందుకు పోస్టుమాన్‌కు ఎప్పటిలాగే గర్వం కలగబోయింది. కానీ కలగలేదు.

తమ్ముడు రెండు పేజీలు రాసిచ్చాడు. సంచీ భుజాన వేసుకుని అక్క తల మీద చెయ్యి వేశాడు. "ఏడాదేగా, వచ్చేస్తాను." ఆమె ఉన్ని కోటు కాలరు సర్దింది. ఓడ అయిదు దాటాక పది నిమిషాలకు కదిలింది.

కార్యాలయంలో కొత్త డిస్కు పెట్టారు. అతను రాసిన ప్రకారమే ముక్కలు చేశారు, చివర్న అంచు వదిలారు. ఆ మిషను మళ్ళీ మొరాయించలేదు. ఓడ నుంచి ఆఖరి కబురు ఫిబ్రవరి పంతొమ్మిదిన అందింది. ఏప్రిల్లో దర్జీ అక్క తమ్ముడి ఫోటో పట్టుకుని అదే వరండాలో కూర్చుంది. పిన్నిగారే వివరాలు ఎక్కించారు.

జల్లెడమ్మ ఆ తరవాత ఇంకెన్నో కేసులు తేల్చింది. ఈ కేసు గురించి మాత్రం పోస్టుమాన్ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

తమ్ముడు ఆ ఏడాది తిరిగి రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. ఆ తరవాత ఎప్పుడూ రాలేదు.