బదులు కాగితం

ఆ కాల్ సెంటర్ హాల్లో పగలు కూడా పగల్లా ఉండదు. ఎండ కంప్యూటర్ల మీద పడకూడదని కిటికీలన్నిటికీ నల్ల కాగితం అంటించేశారు. ఏసీ చలి, పాత తివాచీ వాసన, నూట ఇరవై మంది ఒకేసారి గొణిగే చప్పుడు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం..." పొద్దున పదయినా, మధ్యాహ్నం మూడయినా అక్కడ ఒకటే వెలుతురు, ఒకటే మాట.

పద్దెనిమిదో సీటు అమ్మాయిని అందరూ పిచ్చుక అంటారు. సన్నటి గొంతు, గడగడా మాటలు. చేరి మూడు నెలలైంది. ఆ రోజు మాత్రం పిచ్చుక ప్రతి కాల్‌నీ రెండు ముక్కల్లో ముగించేస్తోంది. ముందురోజు సాయంత్రం వాళ్లమ్మ గుండెనొప్పితో కుప్పకూలిపోయింది. ఇవాళ నాలుగింటికి ఆపరేషన్. "నువ్వొచ్చి ఒక్కసారి చెయ్యి పట్టుకోవే, చాలు. తర్వాత ఎలా జరిగేది అలా జరుగుతుంది" అంది పొద్దున, ఆస్పత్రి మంచం మీంచి. ఆవిడకు ఉన్నది ఈ ఒక్క కూతురే.

ఒంటిగంటన్నరకు పిచ్చుక సూపర్‌వైజర్ ముందు నిలబడింది. చాటుగా ఆయన్ని గడియారం అంటారు. ఎవరు బాత్రూంలో ఎన్ని నిమిషాలున్నారో తడుముకోకుండా చెప్పేస్తాడు. రోజు మొత్తానికి ఏడు నిమిషాలు. ఎనిమిదో నిమిషం పడిందంటే గోడ మీది పెద్ద తెరలో సీటు నంబరు ఎర్రబడుతుంది, సగం రోజు జీతం ఎగిరిపోతుంది.

"సెలవు కావాలంటే పదిహేను రోజుల ముందు పెట్టుకోవాలమ్మా."

"సార్, మా అమ్మ పడిపోయింది నిన్న."

"నేను కాదన్నానా? రూలు చెబుతున్నా."

అంటే గుండెనొప్పి కూడా పదిహేను రోజుల ముందు చెప్పి రావాలన్నమాట! పిచ్చుకకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం ఆయన మొహాన కొట్టి పోదామనిపించింది. కానీ ఆపరేషన్ ఖర్చంతా కంపెనీ ఇచ్చిన బీమా కార్డు మీదే. ఉద్యోగం పోతే కార్డూ పోతుంది. పళ్లు బిగబట్టుకుంది.

"నీ బదులు ఎవర్నైనా కూర్చోబెట్టుకుని వెళ్లు" అంటూ ఆయన ఒక పచ్చ కాగితం ఇచ్చాడు. "పై గీత మీద కూర్చునేవాళ్ల సంతకం, కింది గీత మీద వెళ్లేవాళ్ల సంతకం. తారుమారైతే నన్నడగొద్దు."

ఎవరిని అడిగినా తల అడ్డంగా ఊపారు. పక్క సీటు అక్క అయితే, "వరసగా రెండో షిఫ్టే నాది, కళ్లు మూతలు పడుతున్నాయి. ఏమనుకోకే" అంది. అటుపక్క పదిహేడో సీటు ఖాళీ. గోడ మీది తెరలో మాత్రం పదిహేడు ఎప్పుడూ ఎర్రగా వెలుగుతూ ఉంటుంది, 'విరామంలో' అని. ఆవిడెవరక్కా, ఎప్పుడొస్తుందని ఓసారి అడిగితే అక్క వినపడనట్టు ఇంకో కాల్ ఎత్తుకుంది.

మూడింటికి పిచ్చుక బాత్రూంలోకి పరుగెత్తింది, ఏడవడానికి. ఏడు నిమిషాల్లో ఎంతని ఏడుస్తారు? ట్యూబులైటు మిణుకుమిణుకుమంటోంది. ఫినాయిలు ఘాటు. దాని కింద ఇంకో వాసన... ఎన్నాళ్లుగానో ఆరని తడిగుడ్డ వాసన. కుళాయి నుంచి చుక్క... చుక్క...

"సెలవివ్వలేదా?"

చివరి తలుపు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. మెడ చుట్టూ హెడ్‌ఫోన్, దాని తీగ తడినేల మీద జీరాడుతోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఆఫీసులో ఎవరి మొహంలో ఉంది గనక?

"బదులు ఎవరూ దొరకట్లేదండీ."

"నేనున్నాగా. పదిహేడు."

పిచ్చుకకు ప్రాణం లేచొచ్చింది. కాగితం గోడకు ఆనించి పట్టుకుంది. "ఇదిగో, ఇక్కడ పెట్టు" అంటూ ఆవిడ వేలితో చూపించింది. చెవి పక్కన చల్లగా ఏదో తగిలింది. ఏసీ గాలేమో... బాత్రూంలో ఏసీ లేదు. ఏడో నిమిషం దాటబోతోంది. చూపించినచోట గబగబా గిలికేసింది. ఆవిడ దాని కింద సంతకం పెట్టింది.

"మీ అమ్మది ఎన్నో మంచం?"

"రెండో అంతస్తు, ఆరో మంచం. ఎందుకండీ?"

"ఊరికే..."

పిచ్చుక కాగితం గడియారం బల్ల మీద పడేసి గుమ్మం దగ్గరకు పరుగెత్తింది. గుర్తింపు కార్డు ఆనించింది. తలుపు తెరుచుకోలేదు. మళ్లీ ఆనించింది. ఉహూఁ.

కాపలా మనిషి తన కంప్యూటర్ చూసుకున్నాడు. "మీరు లోపలుండాలమ్మా. వెళ్లాల్సింది పదిహేడు. ఇప్పుడే వెళ్లారు కూడా."

"ఎవరెళ్లారు? మీరు చూశారా?"

అతను నసిగాడు. "మనిషిని చూళ్లేదు. తలుపైతే తెరుచుకుంది."

వెనక్కి పరుగెత్తింది. గడియారం కాగితం తిప్పి చూపించాడు. "పైన నీ సంతకం. అంటే నువ్వు కూర్చోవాలి. కింద ఆవిడది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇంక కూర్చో."

"సార్, పొరపాటున..."

"లైన్లో పదకొండు మంది ఉన్నారు."

ఎంత బతిమాలినా అదే మాట. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. మూడుంపావు... మూడున్నర... చివరికి కుర్చీలో కూలబడి, "అక్కా, ఆ పదిహేడో సీటావిడ నన్ను మోసం చేసింది" అంది.

అక్క మొహం పాలిపోయింది. "ఎవరే?" గొంతు తగ్గించింది. "పోయినేడు వాళ్లమ్మకు ఆపరేషనంటే సెలవివ్వలేదు. ఆ సాయంత్రమే తల్లి పోయింది. ఫోన్లో విషయం విని బాత్రూంకి వెళ్లింది... తలుపు పగలగొట్టాల్సొచ్చిందే. అప్పటికే ప్రాణం పోయింది. రాజీనామా కాగితం లేదని పేరు కూడా తీయలేదు వీళ్లు."

పిచ్చుక తల ఎత్తింది. గోడ మీది తెరలో పదిహేడు ఎర్రగా లేదు. మూడు నెలల్లో మొదటిసారి... ఆకుపచ్చగా ఉంది. 'సెలవులో.'

ఆఫీసు ఫోన్ నుంచే అమ్మ నంబరు కొట్టింది.

"ఎవరూ?"

"అమ్మా, నేనే!"

"నేనే అంటే? మా అమ్మాయి నా పక్కనే ఉంది."

"అమ్మా, అది నేను కాదు... చెయ్యి విడిపించుకో... అమ్మా..."

"ఎవరో పాపం, అచ్చం నీ గొంతేనే" అంటోంది అమ్మ, అక్కడ ఎవరితోనో. తర్వాత ఫోన్లోకి, "పెట్టేయమ్మా, నన్ను లోపలికి తీసుకెళ్తున్నారు. మా అమ్మాయి కూడా లోపలికొస్తుందట. చెయ్యి చూడబోతే మంచుగడ్డ. పట్టుకుంది పట్టుకున్నట్టే ఉంది. పోయినసారి రాలేకపోయాను, ఈసారి వదలనమ్మా అంటోంది." అమ్మ చిన్నగా నవ్వింది. "పోయినసారేంటో... నాకిదే మొదటి ఆపరేషన్."

ఫోన్ కట్టయింది.

పిచ్చుక కుర్చీలోనే ఉంది. లేవలేదు, ఏ మీటా నొక్కలేదు. కానీ గోడ మీద పద్దెనిమిది మెల్లగా ఎర్రబడింది... 'విరామంలో' అని.