గోడ మీద చోటు

"అది కోచ్ కుర్చీ," అన్నాడు వేడ్ కెస్లర్.

"తెలుసు. అందుకే కూర్చున్నాను," అంది లియోనా.

మార్చి వాన పాత జిమ్ కప్పు మీద ఎడతెగకుండా కురుస్తోంది. మ్యాచ్‌ల రోజుల్లో పాప్‌కార్న్ అమ్మే చిన్న గదిలో ఐదుగురు ఇరుక్కుని కూర్చున్నారు. కార్విన్ కౌంటీ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీ ఏటా ఈ గదిలోనే సమావేశమవుతుంది. ఇండియానా రాష్ట్రంలో ఏ కౌంటీకి వెళ్ళినా ఇలాంటి గది ఒకటి ఉంటుంది, అందులో ఇలాంటి గొడవ ఒకటి నడుస్తూ ఉంటుంది.

లియోనా నాన్న మెర్ల్ హాస్టెట్లర్‌ని ఊరంతా కోచ్ అనే పిలిచేది. నవంబరులో ఆయన పోయాక, కమిటీలో ఆయన చోటుకి కూతుర్ని రమ్మన్నారు. ఆమె నాన్న పనిచేసిన బడిలోనే జ్యామితి చెబుతుంది. నాన్న పోయిన దగ్గర్నుంచి ఆమె మాటలు తగ్గిపోయాయి. బోర్డు మీద త్రిభుజాలు గీస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. సుద్దముక్క కింద పెట్టాక ఏం చెయ్యాలో తోచదు.

అధ్యక్షురాలు మార్జరీ ఈడ్స్ బ్యూటీ పార్లర్ నడుపుతుంది. తను తెచ్చిన క్రీమ్ పై అనే మిఠాయిని ముక్కలు కోసి అందరికీ పంచి, చేతులు తుడుచుకుంది.

"ఈ ఏడు మెర్ల్ పేరు ప్రతిపాదిస్తున్నాను. లియోనా, మీ నాన్న అని మొహమాటపడకు తల్లీ. చుట్టాల గురించి ఓటెయ్యకూడదంటే ఈ కౌంటీలో కమిటీయే ఉండదు."

మిగతా ఇద్దరూ రిటైరైన కోచ్‌లు. వాళ్ళు నోటి నిండా మిఠాయి పెట్టుకుని తల ఊపారు. ఒక్కరు కాదన్నా ఫొటో బయటి వరండాలో ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్ గోడెక్కదు. అందరూ వేడ్ వైపు చూశారు.

వేడ్ కౌంటీ రేడియోలో మ్యాచ్‌ల వ్యాఖ్యానం చెబుతాడు. ఐదు నిమిషాల ఆటని ఊపిరి తీసుకోకుండా చెప్పగలిగినవాడు ఇప్పుడు ఫోర్కుతో తన ముక్క అంచు గీకుతూ కూర్చున్నాడు.

"నేను ఒప్పుకోలేను," అన్నాడు చివరికి.

లియోనా తలెత్తింది. "ఎందుకని?"

"కోచ్ గోడెక్కాలంటే ఒక్కసారైనా సెక్షనల్, అంటే చుట్టుపక్కల బడుల పోటీ, గెలవాలి. ఆయన గెలవలేదు."

"పెద్ద బడులతో ఆడి గెలవాలి మరి! ఊళ్ళో పొడుగు పిల్లలందర్నీ పోగేసినా మనకి ఐదుగురు దొరకరు. ఆ పిల్లలతోనే ఎన్నిసార్లు ఫైనల్‌కి తీసుకెళ్ళాడో నీకు తెలీదా? అంకెలు మనిషిని కొలుస్తాయా?"

"జ్యామితి టీచరమ్మ అడగాల్సిన ప్రశ్నేనా అది?"

రిటైరైన కోచ్‌లలో ఒకాయన కిసుక్కున నవ్వి, మార్జరీ చూపుకి ఆగిపోయాడు.

"నవ్వులాట కాదు రేడియో గారూ," అంది లియోనా.

"నేనూ నవ్వులాటకి అనలేదు." వేడ్ గొంతు తగ్గించాడు. "మనకి ఇష్టమైనవాడి కోసం కొలత మారిస్తే, ఆ ఫొటో కింద 'ఈయనంటే మాకు ఇష్టం' అని రాసినట్టే లియోనా. ఆ మాట చెప్పడానికి గోడ ఎందుకు?"

చలికాలం అంతా వీళ్ళిద్దరూ ఊళ్ళోని డైనర్ హోటల్లో పక్కపక్క స్టూళ్ళ మీదే మధ్యాహ్నం తిన్నారు. తన టెండర్‌లాయిన్ మాంసం శాండ్‌విచ్‌లోని ఊరవేసిన దోసముక్కలు అతను ఏమీ అనకుండా ఆమె ప్లేట్లో వేసేవాడు. ఆమె ఏమీ అనకుండా తినేసేది. ఆ కొన్ని నెలల్లో ఆమెకి ఆకలి వేసిన చోటు అదొక్కటే. అందుకే ఇప్పుడు కోపం ఎక్కువైంది.

"నాకు తెలుసు నీ బాధేమిటో," అంది. "నాన్న జట్టులో ఆడినప్పుడు ఆ ఫైనల్లో రెండు ఫ్రీ త్రోలూ బుట్టలో వెయ్యలేకపోయావు. నాన్న నిన్ను తీసుకొచ్చి బెంచి మీద కూర్చోబెట్టాడు. ఇన్నేళ్ళయినా మర్చిపోలేదు కదూ?"

వేడ్ చెవులు ఎర్రబడ్డాయి.

"మర్చిపోలేదు," అన్నాడు.

మార్జరీ మిఠాయి గిన్నె మీద మూత పెట్టేసింది. "చాలు. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక మళ్ళీ కూర్చుందాం. అప్పటికి ఇద్దరూ కాస్త చల్లబడండి."

మర్నాడు డైనర్‌లో లియోనా మూల బల్ల దగ్గరికి మారింది. కాసేపటికి వడ్డించే డార్లా చిన్న సాసర్ తెచ్చి ముందు పెట్టింది. అందులో దోసముక్కలు.

"ఎవరు పంపారో చెప్పొద్దన్నాడు," అంది డార్లా.

"ఎవరికి తిరిగివ్వాలో నేనూ చెప్పను. తీసుకెళ్ళు."

ఆ వారమంతా సాసర్ రోజూ వచ్చింది, రోజూ వెనక్కి వెళ్ళింది. "నా కాళ్ళు పడిపోతున్నాయమ్మా, మీరిద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిట్టుకోకూడదూ?" అంది డార్లా.

శనివారం లియోనా జుట్టు కత్తిరించుకోవడానికి మార్జరీ పార్లర్‌కి వెళ్ళింది. మెడ చుట్టూ గుడ్డ కట్టి, అద్దంలో ఆమె మొహం చూసి, మార్జరీ కత్తెర పక్కన పెట్టింది.

"ఆ కుర్రాడి మీద అంత కోపం వద్దు తల్లీ. ఆ నిబంధన అతను పెట్టింది కాదు."

"మరెవరు?"

"మీ నాన్న."

లియోనా అద్దంలోనే ఆమెని చూసింది.

"మీ నాన్న ప్రాణ స్నేహితుడు ఓరిన్ పోయినప్పుడు, సెక్షనల్ గెలవకపోయినా అతన్ని గోడెక్కించాలని అందరం అనుకున్నాం. మెర్ల్ ఒక్కడే వద్దన్నాడు. 'మంచివాళ్ళని పెట్టాలంటే కౌంటీ అంతటినీ పెట్టాలి, అంత గోడ లేదు. గెలిచి నిచ్చెనెక్కి, బుట్టకున్న నెట్ కోసుకున్న పిల్లలకి ఈ గోడంటే విలువుండాలి,' అన్నాడు. ఆ రోజు ఇంటికెళ్ళి ఏడ్చాడని మీ అమ్మ చెప్పింది నాకు. తర్వాత ఆ నిబంధన తనకీ అడ్డొస్తుందని తెలిసే ఉంచాడు. నేనైతే పోయినవాడి మీద ప్రేమతో దాన్ని దాటేద్దామనుకున్నా. వేడ్‌కి కూడా అదంతా తెలుసు. నీ ముందు ఆ మాట తను అనకూడదనుకున్నట్టున్నాడు."

లియోనా మెడ చుట్టూ ఉన్న గుడ్డ సర్దుకుంది. "కొంచెం పొట్టిగా కత్తిరించండి," అంది చివరికి.

ఆదివారం కూడా వాన పడుతూనే ఉంది. అందరూ కూర్చున్నాక మార్జరీ నోరు తెరిచేలోపే లియోనా అంది, "నాన్న పేరు వెనక్కి తీసుకుంటున్నాను. నిబంధన అలాగే ఉండనివ్వండి."

అనగలిగింది గానీ, అక్కడ కూర్చోలేకపోయింది. లేచి బయటి వరండాలోకి నడిచింది. వరండా పొడవునా గోడ మీద ఫొటోలు. ఏటా సెక్షనల్ పోటీలు ఈ జిమ్‌లోనే జరుగుతాయి. గెలిచిన జట్టువాళ్ళు నిచ్చెన వేసుకుని, ఒక్కొక్కరుగా ఎక్కి బుట్టకున్న నెట్ తలా ఒక పోగు కోసుకుంటారు. కమిటీ ఎంచిన కోచ్‌ల ఫొటోల కింద వరసగా ఉన్నవి ఆ ఫొటోలే. చిన్నప్పటి నుంచీ ఆమె ఈ గోడ పక్కన తల దించుకునే నడిచింది. ఆ వరసలో ఉన్నవన్నీ ఎవరో గెలిచిన సాయంత్రాలు. వాటిలో నాన్న ఓడి ఇంటికొచ్చి, చల్లారిన సూప్ మౌనంగా తాగినవీ ఉన్నాయి.

వెనక అడుగుల చప్పుడైంది.

"సారీ," అంది లియోనా తిరక్కుండానే. "బెంచి సంగతి అనకుండా ఉండాల్సింది."

"ఆ బెంచి మీద కోచ్ నా పక్కనే కూర్చున్నాడు. నా మొహం కెమెరాలకి కనపడకుండా తువ్వాలు కప్పాడు. దానికి కోపం ఎవరికొస్తుంది?" వేడ్ ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఆట అయ్యాక నేను బట్టలు మార్చుకునే గదిలోకి పారిపోతుంటే చొక్కా పట్టుకుని ఆపాడు. 'వాళ్ళు నెట్ కోసుకోవాలి, ఆ నిచ్చెన ఊగుతుంది. నువ్వు అటు కాలు పట్టుకో, నేను ఇటు పట్టుకుంటా. ఏడుపు ఇంటికెళ్ళాక చూద్దాం,' అన్నాడు."

"నిచ్చెన పట్టుకున్నారా? మిమ్మల్ని ఓడించినవాళ్ళ కోసం?"

"ఆ ఒక్కసారే కాదు. ముందు ఆ సాయంత్రం ఫొటో ఇదిగో, చూడు. పైకి కాదు, కింద."

ఆమె చూసింది. పైన ఒక కుర్రాడు కత్తెర పట్టుకుని నవ్వుతున్నాడు. ఫొటో అడుగున, నిచ్చెన కాళ్ళ చుట్టూ రెండు చేతులు. ఒకటి లేత చెయ్యి. రెండోది వయసు మళ్ళినది, చిటికెన వేలు బయటికి వంగి ఉంది. ఎప్పుడో బంతి తగిలి విరిగి, వంకరగా అతుక్కున్న వేలు. రోడ్డు దాటేటప్పుడు చిన్న లియోనా పట్టుకున్నది ఆ వేలినే.

ఆమె పక్క ఫొటో దగ్గరికి వెళ్ళింది. వేరే జట్టు, వేరే ఏడు. కింద అదే వేలు. ఆ పక్కదాంట్లోనూ. ఒకదాంట్లో కోటు మోచెయ్యి మాత్రమే. మోచేతి దగ్గర అమ్మ అతుకు వేసిన, నాన్న గోధుమరంగు కోటు.

ఆమె ఫొటో అద్దం మీద ఆ వేలి దగ్గర తన వేలు ఆనించి నిలబడింది. నవంబరు నుంచి రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. వేడ్ ఆమెని ఓదార్చబోలేదు. ఆమె పక్కనే, గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అంది కళ్ళు తుడుచుకుని.

"చెప్తే నేను గెలవడానికి చెప్పినట్టుండేది. నువ్వు నీ అంతట నిర్ణయించుకున్నాక చెబుదామనుకున్నా. మధ్యలో సాసర్లతో రాయబారం పంపాను. నువ్వు రాయబారిని వెనక్కి తరిమావు."

ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆమెకే కొత్తగా వినిపించింది.

లోపల్నుంచి మార్జరీ కేక వేసింది. "గొడవ అయిపోతే ఈ ఏడు గెలిచిన జట్టు ఫొటో తగిలించి పుణ్యం కట్టుకోండి! నా మోకాళ్ళు నిచ్చెనెక్కవు."

వేడ్ మూలనున్న నిచ్చెన తెచ్చి నిలబెట్టాడు. ఫొటో చంకన పెట్టుకుని లియోనా ఎక్కింది. నిచ్చెన ఒక్కసారి ఊగి, ఆగింది.

"గట్టిగా పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"ఎంతసేపు పట్టుకుంటావు?"

"నువ్వు దిగేదాకా." కాస్త ఆగి అన్నాడు. "దిగాక చెయ్యి పట్టుకుందామనుకుంటున్నా. చాలా కాలంగా అనుకుంటున్నా."

లియోనా ఫొటో తగిలించింది. వంకరగా ఉందేమోనని సరిచూసింది. అది తిన్నగానే ఉంది. అయినా మళ్ళీ సరిచూసింది.

"దానికేమైనా నిబంధనలున్నాయా, రేడియో గారూ?"

"ఒక్కటే. దోసముక్కలు వెనక్కి పంపకూడదు."

"మార్చడం కుదరదా?"

"మా కోచ్ ఒప్పుకోడు."

ఆమె ఒక్కో మెట్టూ దిగింది. చివరి మెట్టు మీద ఆగి చూసింది. నిచ్చెన కాలు చుట్టూ అతని చెయ్యి ఇంకా అలాగే ఉంది. దాని మీద తన చెయ్యి వేసి, కిందికి దిగింది.