బావ కొత్త ఫోన్

ఆ కోల్డ్ స్టోరేజీలో అతన్ని అందరూ వైఫై అనే పిలిచేవాళ్లు. అసలు పేరు జీతం వేసేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇనుప రేకుల గోడలు కదా, లోపలికి సెల్ సిగ్నల్ చచ్చినా రాదు. ఫోన్ చెయ్యాలన్నా వైఫై మీదే చెయ్యాలి. ఏ ఫోన్ ఏ రూటర్‌ని పట్టుకుంది, పక్క గోడౌన్ల రూటర్లలో ఏది మనకి అడ్డొస్తోంది అని తెరముందు కూర్చుని కనిపెట్టడం అతని పని. తెలియని ఫోన్ కనబడితే బ్లాక్ చెయ్యడం పనీ, సరదా కూడా.

ఉద్యోగం ఇప్పించింది బావే. అక్క మొగుడు, అక్కడే సూపర్‌వైజర్. నెల కిందట ఓ మధ్యాహ్నం, అన్నం తింటుంటే తెరమీదికి కొత్త ఫోనొకటి వచ్చింది. ఎవడో పని ఎగ్గొట్టి సినిమా చూస్తున్నాడనుకుని బ్లాక్ నొక్కాడు. అది మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ మళ్లీ ప్రయత్నించింది. మొండి ఘటంరా నాయనా అని నవ్వుకుని చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు.

సాయంత్రం చివరి ఫ్రీజర్ గది తలుపు తీస్తే లోపల బావ ఉన్నాడు, కొయ్యబారిపోయి. బయట గడియ దానంతటదే పడిపోయిందట. చేతిలో కొత్త ఫోన్. పొద్దున్నే కొన్నాడనీ, బామ్మర్దికి చూపించి ఉడికించాలని ఎవరికీ చెప్పలేదనీ అక్క ఏడుస్తూ చెప్పింది.

"మీ బావ ఒక్కసారైనా నాకు ఫోన్ చెయ్యాలని చూడలేదా రా?" అని అడిగింది.

"లేదక్కా," అన్నాడు.

ఆ మాట అన్నప్పట్నుంచి అతనికి ముద్ద దిగడం లేదు. అక్క మొహం చూడాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

ఇవాళ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లారు. మోటార్ల రొద ఒక్కటే వినబడుతోంది. తెరమీద అదే ఫోన్ కనబడింది. చివరి గది రూటర్ దగ్గర... బ్లాక్. కాసేపటికి నడవాలో... బ్లాక్. ఆ తర్వాత మెట్ల దగ్గర...

మోటార్లు ఆగిపోయాయి. పాత మంచు వాసన ముక్కుకి తగిలింది. అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా... బావ ఫోన్ ఎక్కడుంది?"

"ఆయన జేబులో పెట్టి కాటికి పంపేశాం కదరా. పెట్టింది నువ్వేగా. ఏం, ఎందుకు?"

చెప్పేయాలి. మాట నోటిదాకా వచ్చింది.

"ఏం లేదక్కా... ఊరికే."

ఫోన్ ఇప్పుడు అతని గది రూటర్ దగ్గరుంది. తలుపు మీద ఎవరో మెల్లగా తడుతున్నారు. సత్తువ లేని చెయ్యి. ఇలాగైనా వదిలిపోతుందేమోనని, కళ్లు మూసుకుని బ్లాక్ తీసేశాడు. తట్టడం ఆగింది.

"ఉండరా, ఇంకో ఫోన్ వస్తోంది," అంది అక్క. "ఒరేయ్... మీ బావ నంబరు."

"ఎత్తకక్కా," అన్నాడు. అప్పటికే ఎత్తేసింది.

 చాలాసేపటికి అక్క లైన్లోకి తిరిగొచ్చింది. చిన్నపిల్ల గొంతులా ఉంది.

"చేస్తూనే ఉన్నారట్రా... ఎవరో ఆపేశారట. ఎవర్రా?"

"నేనే అక్కా. నేనే ఆపేశాను."

 లైన్ ఎప్పుడో తెగిపోయింది. తెరవైపు చూశాడు. బ్లాక్ అయిన ఫోన్ ఒక్కటే ఉంది. అది అతనిదే. అతను ఏమీ నొక్కలేదు.

అతని వెనకున్న గది తలుపుకి బయటినుంచి గడియ పడిన చప్పుడైంది.

ఆ తలుపుకి బయట గడియ లేదు.