ఏడో ముక్కకి ఎర్ర గీత

ఆ కొండదారిలోని రాళ్ల గుడిసెలో, నడకలో ఆరితేరినవాళ్లు కూడా రాత్రికి ఆగరు. రెండేళ్లుగా దానికి చెడ్డపేరు వచ్చింది. అర్ధరాత్రి దాటాక చేతికర్ర చప్పుడు వినిపిస్తుందట. టక్... టక్... గుడిసె చుట్టూ ఒక్కసారి తిరిగి, గుమ్మం దగ్గర ఆగుతుందట.

అలాంటి చోటికి ఒక దర్జీ ఆవిడ ఒంటరిగా బయల్దేరింది. ధైర్యం ఉండి కాదు— అనుమానం పట్టి పీడించి.

ఆ దారంతా నడవాలంటే మూడు నెలలు. దుకాణం మూసుకుని అన్నాళ్లు ఎవరు పోతారు? అందుకే ఆవిడా, గడియారాలు బాగుచేసే భర్తా దాన్ని పన్నెండు ముక్కలు చేసుకున్నారు. ఏడాదికో ముక్క. బట్టలు కత్తిరించే బల్ల మీద మ్యాపు పరిచి, ఏ బస్సు దిగాలి, నీళ్లెక్కడ దొరుకుతాయి, రాత్రి ఎక్కడ పడుకోవాలి అని పోట్లాడుకుంటూ రాసుకునేవాళ్లు. నడిచిన ముక్క మీద ఎర్ర పెన్సిల్ గీత.

రాత్రి ఆ రాళ్ల గుడిసెలో ఆగాల్సిన ఏడో ముక్కకి ఆవిడకి జ్వరం. ఆయనొక్కడే చేతికర్ర పట్టుకుని వెళ్లొచ్చి గీత గీసేశాడు. కానీ దర్జీ కళ్లాయె— ప్యాంటు అంచుకి ఒక్క బురద చుక్క లేదు.

"నిజంగా నడిచారా?"

"నేను గాల్లో నడుస్తాలేవే," అని నవ్వేశాడు.

చీకట్లో పెరట్లోకి వెళ్లడానికే తోడు పిలిచే మనిషి! ఆ గుడిసెలో ఒంటరిగా పడుకున్నాడంటే ఆవిడ నమ్మలేదు. పన్నెండో ముక్క పూర్తయిన నెలకే ఆయన పోయాడు. ఆయన పోయి రెండేళ్లు. అడగడానికి మనిషి లేడు, అనుమానం మాత్రం మిగిలిపోయింది.

గుడిసెలో పడుకున్నవాళ్లు అక్కడి పుస్తకంలో పేరూ, వచ్చిన వేళా రాయాలి. ఆయనైతే నిమిషాలతో సహా రాసి ఉంటాడు.

"ఆయన పేరు లేకపోతే ఏం చేస్తావమ్మా?" అంది బయల్దేరేముందు కూతురు.

"ఆ గీత చెరిపేస్తా."

చీకటి పడేసరికి గుడిసె చేరింది. తలుపుకి గడియ పెట్టి, టార్చి వెలుగులో ఆయన వెళ్లొచ్చానన్న ఏడాది పేజీలు వెతికింది. రెండుసార్లు. ఆయన పేరు లేదు.

ఒళ్లు మండిపోయింది. ఆ తర్వాత అయిదేళ్లు నోరు మెదపకుండా తన పక్కనే నడిచాడు! కొత్త పేజీలో తేదీ వేసి, "నేను వచ్చాను. మా ఆయన రాలేదు," అని రాసింది. పొద్దున్నే గీత చెరపాలని సంచిలోంచి మ్యాపూ, రబ్బరూ తీసి పక్కన పెట్టుకుని పడుకుంది.

టక్...

మెలకువ వచ్చింది. ఎవరో కావాలని ఆటపట్టిస్తున్నారనుకుంది.

టక్... టక్... వెనకగోడ దాటింది. కిటికీ దాటింది. గుమ్మం దగ్గర ఆగింది.

"ఎవరది?" అంటూ లేచి కూర్చుంది.

ఆ తర్వాత— లోపల, బల్ల దగ్గర, కాగితం కదిలిన చప్పుడు.

టార్చి వేసింది. ఎవరూ లేరు. తలుపు గడియ పెట్టినట్టే ఉంది. పుస్తకం మాత్రం తెరిచి ఉంది. తను రాసిన 'రాలేదు' మీద అడ్డంగా గీత. దాని కింద, ఎక్కడున్నా గుర్తుపట్టే ఆయన వంకర అక్షరాలు—

"రెండు గంటల పదిహేడు నిమిషాలు. ఆలస్యమైంది, ఏమనుకోకు. వచ్చాను."

ఆయన బాగుచేసి ఇచ్చిన చేతి గడియారం చూసుకుంది.

రెండు గంటల పద్దెనిమిది.